చెత్త కాదు, సామాను

(శిల్పకళ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

ముందు ఒక రాయి గురించి చెప్తాను. మా ఇంట్లో వీధి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టే రాయి ఒకటుండేది. నల్లగా, కోలగా, పట్టుకునే చోట అరిగి నున్నగా ఉండేది. రుబ్బురోలు చూసినవాళ్ళకు వెంటనే తెలుస్తుంది, అది పొత్రం. రోలు లేని పొత్రం.

మాది కర్నూలు జిల్లాలో కృష్ణ ఒడ్డు ఊరు. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోయింది. 1981లో ఖాళీ చేయించినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. పెద్దవాళ్ళు మిద్దెల మీది దూలాలు దించారు, ద్వారబంధాలు ఊడబెరికారు, గడపలతో సహా బండ్లకెత్తారు. రోలు మాత్రం నేలలో పాతి ఉంది. దాన్ని తవ్వి తీసే తీరిక ఎవరికీ లేదు. మా అవ్వ పొత్రం ఒక్కటే ఒళ్ళో పెట్టుకుని బండెక్కింది. కొత్త కాలనీలో ఆ పొత్రానికి పని లేదు. తలుపు దగ్గర చేరింది. "ఎందుకవ్వా ఇది, బయట పడెయ్యి" అని ఎవరన్నా అంటే, "దాని రోలు ఊర్లో ఉంది" అనేది. ఉంది అనేది. ఉండేది అని ఒక్కసారి కూడా అనలేదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, నేను ఈ రోజు మాట్లాడబోయే శిల్పిని నాకు అర్థం చేయించింది ఏ పుస్తకమూ కాదు, ఈ పొత్రమే. ఆయన పేరు నేక్ చంద్. చండీగఢ్‌లో రాక్ గార్డెన్ అనే బొమ్మల తోట కట్టినాయన. మీలో చాలామంది స్టడీ టూరుకు వెళ్ళినప్పుడు చూసే ఉంటారు, ఆ బొమ్మల వరసల ముందు ఫొటోలు దిగి ఉంటారు. ఎవరినడిగినా ఆయన గురించి చెప్పే మాట ఒకటే: "చెత్తతో అద్భుతం చేశాడు". బళ్ళలో 'బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్' పోటీలు పెడతారు చూడండి, ఆయన్ని ఆ పోటీలకు మూలపురుషుడిలాగా చెప్తుంటారు. నాకు ఆ మాటతోనే పేచీ. ఆయన ఏరినవాటిని చెత్త అన్నామంటే ఆయన చేసిన పని సగం కనబడకుండా పోతుంది.

ఆయన ఎక్కడి మనిషో ముందు చూద్దాం. 1924లో బేరియాన్ కలాన్ అనే ఊళ్ళో పుట్టారు. షకర్‌గఢ్ తాలూకా, అప్పటి గురుదాస్‌పూర్ జిల్లా. రైతు కుటుంబం. 1947లో దేశ విభజనకు రాడ్‌క్లిఫ్ సరిహద్దు గీత గీసినప్పుడు ఆ జిల్లాలోని నాలుగు తాలూకాల్లో మూడు మనవైపు వచ్చాయి. రావి నదికి అవతల ఉన్న షకర్‌గఢ్ ఒక్కటి పాకిస్తాన్‌కు పోయింది. ఇరవై రెండేళ్ళ కుర్రవాడు అయినవాళ్ళతో కలిసి కట్టుబట్టలతో ఇటువైపు వచ్చాడు. ఊరు అక్కడే ఉంది, మట్టి అక్కడే ఉంది, వీళ్ళు మాత్రం ఇక అక్కడివాళ్ళు కాదు.

లాహోర్ కూడా అటే పోయింది కదా. పంజాబ్‌కు రాజధాని లేకుండా పోయింది. అందుకే చండీగఢ్. శివాలిక్ కొండల అంచున మైదానం చూసి, ఫ్రాన్సు నుంచి లె కార్బూజియే అనే వాస్తుశిల్పిని పిలిపించి నగరం గీయించారు. సెక్టారుకు సెక్టారు కొలతపెట్టి, ఎనిమిది వందల మీటర్లు ఒక పక్క, పన్నెండు వందల మీటర్లు ఇంకో పక్క. రోడ్లు తాడు పట్టి లాగినట్లుంటాయి. అందమైన నగరమే, నేను కాదనను. 2016లో అక్కడి కాపిటల్ కాంప్లెక్స్‌ను, అంటే అసెంబ్లీ, సచివాలయం, హైకోర్టు ఉన్న చోటును, యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది కూడా. కానీ ఆ మైదానం ఖాళీ మైదానం కాదు. అక్కడ ఇరవైకి పైగా ఊళ్ళున్నాయి. మామిడితోపులు, బావులు, పశువుల కొట్టాలు. వాటిని లేపేశారు.

1951లో నేక్ చంద్ ఈ నగర నిర్మాణంలోనే ఉద్యోగానికి చేరారు. రోడ్ ఇన్‌స్పెక్టర్. పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంట్. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఊరు పోగొట్టుకున్న మనిషి, ఇంకొకరి ఊళ్ళ మీద రోడ్డు వేయించే పనిలో ఉన్నాడు. జీతం అదే, కుటుంబాన్ని పోషించేది అదే. ఆయన్ని గురించి రాసేవాళ్ళు ఈ సంగతిని ఒక వాక్యంలో దాటేస్తారు. నేను దాటలేను. ప్రాజెక్టు పనికి మొదట కూలికి పోయినవాళ్ళలో మా మునిగిన ఊళ్ళవాళ్ళే ఎంతోమంది ఉన్నారు. తమ పొలాల్ని ముంచే గోడకు తామే సిమెంటు మోశారు. అది తప్పని చెప్పడానికి నాకు నోరు రాదు.

నేక్ చంద్ డ్యూటీ అయ్యాక సైకిలెక్కి కూల్చిన ఊళ్ళ చోటుకు వెళ్ళేవాడు. పగిలిన కుండ పెంకులు, చిల్లు పడ్డ గిన్నెలు, తుప్పు పట్టిన పైపులు, పింగాణీ ముక్కలు, విరిగిన గాజులు, ఇవన్నీ ఏరేవాడు. సుఖ్నా వాగు, పటియాలీ రావ్, ఘగ్గర్, ఆ కొండల కింది వాగులవెంట పోయి నీళ్ళు చెక్కిన రాళ్ళు ఏరేవాడు. కొన్ని రాళ్ళు మనిషిలాగా ఉంటాయి, కొన్ని పక్షిలాగా. వాటిని చెక్కలేదు, దేన్నీ సవరించలేదు. సైకిలు మీద ఒక్కొక్కటీ మోసుకొచ్చి పోగేశాడు. ఏళ్ళ తరబడి పోగేశాడు. సిమెంటు తాకింది ఆ తర్వాతే.

మనం శిల్పాన్ని ఆర్మేచర్, అంటే లోపలి ఊచల గూడు, కట్టడంతోనో మట్టి పిసకడంతోనో మొదలుపెడతాం. ఆయన పోగేయడంతో మొదలుపెట్టాడు. పోగేయడమే సగం శిల్పమని నా నమ్మకం.

పోగేసిన చోటు ఎక్కడో తెలుసా? కాపిటల్ కాంప్లెక్స్‌కూ, 1958లో వాగుకు కట్ట వేసి తయారుచేసిన సుఖ్నా సరస్సుకూ మధ్య అడవి. ఎవరూ ఏమీ కట్టకూడదని ప్రభుత్వం పక్కన పెట్టిన భూమి. ఆ పొదల మధ్య ఒక గుంత చదును చేసుకుని, గుడిసె వేసుకుని, రాత్రిళ్ళు పాత టైర్లు కాల్చి ఆ వెలుగులో పనిచేశాడు. దాదాపు పదిహేనేళ్ళు బయటికి తెలియలేదు. తెలిస్తే ఉద్యోగం పోతుంది, కట్టినదంతా కూల్చేస్తారు. ప్రభుత్వ ఉద్యోగి ప్రభుత్వ భూమిలో దొంగచాటుగా ఊరు కట్టుకుంటున్నాడు, అంతే కదా లెక్క.

అవును, ఊరు. నేనా మాట తెలిసే వాడుతున్నాను. ఆ బొమ్మల్లో ఎవరెవరున్నారో చూడండి. కుండలు మోసే ఆడవాళ్ళు. వాయిద్యాలు వాయించేవాళ్ళు, ఆడేవాళ్ళు. కోతులు, జింకలు, ఒంటెలు. వాళ్ళమ్మ చిన్నప్పుడు చెప్పిన రాజుల కథలు, దేవతల కథలు ఆయనలో అలాగే ఉండిపోయాయి, వాటి మనుషులూ ఇందులోకి వచ్చారు. ఒక ఊరి జనం ఎంతమందో అంతమంది. కుళాయి తిప్పితే నీళ్ళొచ్చే నగరంలో, నడుమున కుండ పెట్టుకున్న ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. బావుల్ని పూడ్చారు కదా, ఆ బావులకు నీళ్ళకెళ్ళినవాళ్ళు వీళ్ళే అనిపించింది నాకు, మొదటిసారి చూసినప్పుడు.

ఇంకో సంగతి. చండీగఢ్ కోసం కార్బూజియే ఒక శాసనంలాంటిది రాసిపెట్టారు, 'ఎడిక్ట్ ఆఫ్ చండీగఢ్' అంటారు. నగరంలో గానీ పార్కుల్లో గానీ వ్యక్తుల విగ్రహాలు పెట్టకూడదని అందులో స్పష్టంగా ఉంది. మన ఊళ్ళలో నాలుగు రోడ్లు కలిసే ప్రతి చోటా విగ్రహమే కాబట్టి మనకు ఇది వింతగా ఉంటుంది. అలాంటి నగరంలో, ఆయన వేల బొమ్మలు చేశాడు. ఒక్కదానికీ పేరు లేదు, పీఠం లేదు, కింద రాతిపలక లేదు. పేరున్న ఒక్కరి విగ్రహం కూడా వద్దన్నచోట, పేరులేని ఊరంతా వచ్చి నిలబడింది. కార్బూజియే రాసినదాన్ని నేక్ చంద్ చదివాడో లేదో, ఆ నియమాన్ని ఆయన ఎక్కడా తప్పలేదు.

ఇప్పుడు పనితనం దగ్గరికి వద్దాం, మీకు కావలసింది అది. లోపల ఇనుప చువ్వలు, పైపులు. జంతువుల్లో చాలావాటికి సైకిలు ఫ్రేమే ఎముకల గూడు. ఫోర్కు కాళ్ళవుతుంది, సీటు తలవుతుంది. దానిమీద సిమెంటు, ఇసుక. పై పూత ఆరకముందే గాజుల ముక్కలో, పింగాణీ పెంకులో గుచ్చి అదుముతాడు. మంగలి షాపుల్లో ఊడ్చి పారేసిన వెంట్రుకలు కొన్ని బొమ్మల నెత్తికెక్కాయి. గోడల్లో తారు డ్రమ్ములున్నాయి, రోడ్ల పని చేసే మనిషికి చేతికి దొరికేవి అవే. మట్టి కుండలున్నాయి. కరెంటు స్తంభాలకూ స్విచ్ బోర్డులకూ వాడే పింగాణీ సామాను గోడలకు గోడలే ఉంది.

చూసేవాళ్ళు బొమ్మల ముఖాలన్నీ ఒకేలా ఉన్నాయంటారు. దూరం నుంచి నిజమే. కాస్త వంగి చూడండి. అచ్చులు పోసినవి కావు. ఒకదాని మెడ కొంచెం వంగి ఉంటుంది, ఒకదాని భుజం జారి ఉంటుంది. గుంపులో మనుషులు ఎట్లా ఉంటారో అట్లా. ఒక్క బొమ్మను తెచ్చి మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెడితే అది మామూలు బొమ్మే అనిపిస్తుందని నేను ఒప్పుకుంటాను. వరసలో ఉండడమే దాని బలం. విడదీయకూడనిదాన్ని విడదీస్తే ఏమవుతుందో అమెరికాలో తెలిసింది. 1986లో వాషింగ్టన్‌లోని పిల్లల మ్యూజియంలో ఆయన చేసిన బొమ్మలతో ఒక తోట కట్టారు. 2004లో ఆ మ్యూజియం ఆ చోటు వదిలేసినప్పుడు ఆ బొమ్మలు తలో దిక్కు పోయాయి. కొన్ని బాల్టిమోర్‌కు, కొన్ని విస్కాన్సిన్‌లోని జాన్ మైకెల్ కోలర్ ఆర్ట్స్ సెంటర్‌కు. అక్కడ జాగ్రత్తగానే చూసుకుంటున్నారు. అయినా అది మళ్ళీ ఒక ఊరు ఖాళీ చేయడమే అనిపించింది నాకు.

గాజుల దగ్గర కొంచెంసేపు ఆగుతాను. నేను ఇక్కడే ఆగిపోయాను కాబట్టి.

నేను విద్యార్థిగా ఉన్నప్పుడు అక్కడికి వెళ్ళాను. సన్నటి దారి. వంకర్లు తిరుగుతూ పోతుంది. ద్వారాలు పొట్టివి, తల వంచి దూరాలి. నగరంలో రెండు కిలోమీటర్ల అవతలి కూడలి కూడా కనబడుతుంది, ఇక్కడ పక్క మలుపులో ఏముందో కనబడదు. మా పాత ఊరి సందులు ఇట్లాగే ఉండేవి. ఒక మలుపు తిరిగేసరికి ఒక ఆడమనిషి, ఒళ్ళంతా గాజుల ముక్కలే. పచ్చవి, ఎర్రవి, నీలంవి. ఒక పచ్చ గాజు ముక్క మీద బంగారు చుక్క చెరగకుండా ఉంది. ఎవరిదో చేతికి ఉన్న గాజు అది. ఏ తిరునాళ్ళలోనో చెయ్యి చాపి, నొప్పికి మొహం చిట్లించుకుని వేయించుకున్న గాజు.

మన ఇళ్ళలో గాజు పగిలిందని అనరు. చిట్లింది అంటారు, పెరిగింది అంటారు. ఆ ముక్కల్ని తొక్కే చోట వెయ్యరు. మా అవ్వయితే చిట్లిన గాజు ముక్కల్ని తీసుకెళ్ళి చెట్టు మొదట్లో పెట్టేది. ఒక వస్తువు విరిగినా దాని మర్యాద పోదని ఆ మాటలోనే ఉంది. పంజాబీలో ఏమంటారో తెలియకపోయినా, నేక్ చంద్ చేతికి ఆ మర్యాద తెలుసు. ఆయన ఆ ముక్కల్ని మళ్ళీ ఒక ఆడమనిషి ఒంటి మీదికే చేర్చాడు.

అందుకే అంటున్నాను, అది చెత్త కాదు, సామాను అని. మనం ఇల్లు మారేటప్పుడు "సామాన్లు సర్దుకున్నారా" అంటాం. పాత చీపురూ అందులోనే ఉంటుంది, సొట్టపడిన చెంబూ ఉంటుంది. నాది అనే మనిషి ఉన్నంతవరకు అది సామాను. ఆ మనిషిని అక్కడి నుంచి లేపేస్తే, వెనక మిగిలింది మర్నాటికి చెత్త అయిపోతుంది. వస్తువు మారలేదు. దాని పక్కన మనిషి లేకుండా పోయాడు, అంతే. నేక్ చంద్ ఆ వస్తువు పక్కకు మనిషిని తిరిగి తెచ్చాడు. సిమెంటు మనిషినే అనుకోండి.

మన దగ్గరి సంగతి ఒకటి చెప్పి మళ్ళీ చండీగఢ్ వెళ్దాం. శ్రీశైలం నీళ్ళు రాకముందు, కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లి దగ్గరున్న సంగమేశ్వరాలయాన్ని పురావస్తు శాఖవాళ్ళు రాయి రాయికీ నంబరు వేసి విప్పి, అలంపురంలో మళ్ళీ కట్టారు. గొప్ప పని. వెళ్ళి చూడండి, ఆ గోడల మీది శిల్పాల దగ్గర మీకు పదేళ్ళకు సరిపడా పాఠాలున్నాయి. ఆ గుడి నిలిచినందుకు నేను ఎప్పుడూ సంతోషిస్తాను. కానీ గుడి రాయికి నంబరు పడింది, మా అవ్వ రోటికి పడలేదు. పరిహారం లెక్కల్లో ఇల్లుంది, పొలముంది, చెట్లకు కూడా లెక్క కట్టారు. రోలు ఆ లెక్కల్లో ఏ గడిలోనూ రాలేదు. నేక్ చంద్ చేసింది ఆ రాయకుండా వదిలేసిన గడి నింపడం.

1970ల మొదట్లో అధికారులకు ఆ అడవిలోని సంగతి తెలిసింది. కూల్చాలన్నవాళ్ళున్నారు, మాస్టర్ ప్లాన్‌లో లేనిది ఉండకూడదన్నవాళ్ళున్నారు. ఎం.ఎస్. రంధావా లాంటి పెద్దలు అండగా నిలిచారు. రంధావా వృక్షశాస్త్రం చదివిన ఐసీఎస్ (బ్రిటిష్ కాలపు సివిల్ సర్వీసు) అధికారి, నగరంలో చెట్ల ఎంపిక వెనకున్న మనిషి. 1976లో తోటను జనానికి తెరిచారు. నేక్ చంద్‌కు రోడ్ల పని తప్పించి, జీతమిచ్చి, యాభైమంది పనివాళ్ళనిచ్చి ఇదే నీ ఉద్యోగం అన్నారు. 1984లో పద్మశ్రీ. తోట పాతిక ఎకరాలు దాటింది. జలపాతాలు, తోరణాలు, ఊయలలు వచ్చాయి. నిజం చెప్పాలంటే ఆ తర్వాతి భాగాలకన్నా నాకు మొదటి భాగమే ఇష్టం. ఊయలల దగ్గర పిల్లల సంబరం చూస్తే ఆ మాట అనబుద్ధి కాదు గానీ, చీకట్లో ఒక్కడు చేసినదానిలో ఉన్న బిగువు వేరు.

అంతటితో భద్రంగా ఉందని కాదు. 1990 ప్రాంతంలో బుల్‌డోజర్లు వస్తే నగరం జనమే వెళ్ళి అడ్డంగా నిలబడ్డారు. 1996లో ఆయన విదేశంలో ఉండగా తోటలో విధ్వంసం జరిగింది. 2015 జూన్‌లో, తొంభై ఏళ్ళ వయసులో ఆయన పోయారు. పోయిన పదేళ్ళకు, 2025లో, పక్కనే ఉన్న హైకోర్టుకు రోడ్డు, పార్కింగ్ కావాలని తోట గోడలో కొంత భాగం కూల్చారు. ఆ ఫొటోలు చూసినప్పుడు నాకు రెండు రోజులు చెయ్యి ఆడలేదు. కూల్చిన ఊళ్ళ పెంకులతో కట్టిన గోడల చోటు అది. జనం అక్కడికి వెళ్ళి నిరసన తెలిపారు, చాలామంది కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఎవరి బంధువులున్నారని అక్కడ? ఎవరూ లేరు. ఆ నగరంలో అందరూ ఎక్కడి నుంచో వచ్చినవాళ్ళే. మా చిన్నప్పుడు స్కూలు వాళ్ళు తీసుకెళ్ళారు, మా పెళ్ళయిన కొత్తలో వెళ్ళాం, ఇలాంటి మాటలే అందరివీ. వచ్చి చేరినవాళ్ళకు అది పుట్టిన ఊరిలాగా అయిపోయింది.

పాశ్చాత్య విమర్శకులు ఆయన్ని 'ఔట్‌సైడర్ ఆర్టిస్ట్' అంటారు. కళాశాలలో చదవనివాడు, ఏ పద్ధతికీ చెందనివాడు అనే అర్థంలో. గౌరవంతోనే అంటారు, నాకు తెలుసు. ఆ మాట నాకు మాత్రం గుచ్చుకుంటుంది. బయటివాడు అనిపించుకోవడం ఆయనకు కొత్త కాదు, 1947 నుంచీ విన్నదే. ఆ నేలలో ప్రతి వాగు రాయినీ ఎత్తి చూసినవాడు, ప్రతి పాడుబడిన గోడ దగ్గరా వంగి ఏరినవాడు ఆయన. ఆ చోటుకు ఆయనకన్నా లోపలివాడు ఎవరున్నారు?

మా ఊరి సంగతి ఒకటి మిగిలింది. ఎండాకాలం రిజర్వాయరులో నీళ్ళు తగ్గినప్పుడు మా చోటు కొంత బయటపడుతుంది. అట్లాంటి ఒక వేసవిలో మా నాన్నా నేనూ వెళ్ళాం. అప్పటికి అవ్వ లేదు. నేలంతా బీటలు వారిన ఒండ్రు. నాన్న రామాలయం అరుగు బండ ఆనవాలు పట్టి, అక్కడి నుంచి అడుగులు లెక్కబెట్టుకుంటూ నడిచి, ఒకచోట కూర్చుని చేత్తో తవ్వడం మొదలుపెట్టాడు. మోచేయి లోతున రోలు అంచు తగిలింది. గుంట నిండా ఒండ్రు, గట్టిగా బిగుసుకుని ఉంది. మేం దాన్ని తీయలేదు. నాన్న లోపలి మట్టి మాత్రం గోకి శుభ్రం చేశాడు, రేపు పిండి రుబ్బుతారన్నట్టు. పొత్రం ఇప్పుడు నా స్టూడియోలో ఉంది. ఇరవై ఏళ్ళుగా దానితో ఏం చేయాలా అని చూస్తున్నాను. దేనిలోనూ అతికించలేదు, దేని మీదా నిలబెట్టలేదు. ఏదో ఒకటి చేసే తొందర కూడా లేదిప్పుడు.

సరే. ఈ వారం మీకు పని ఇస్తున్నాను. సోమవారం వచ్చేటప్పుడు ఒక్కొక్కరు ఒక్క వస్తువు తెండి. కొన్నది వద్దు, పాతసామాన్ల కొట్టు నుంచి తెచ్చింది కూడా వద్దు. మీ ఇంట్లోదో, మీ వీధిలో ఎవరింట్లోదో కావాలి. అడిగి తెచ్చుకోవాలి, ఎత్తుకు రాకూడదు. అడిగేటప్పుడు దాన్ని ఎవరు వాడారు, ఏ పనికి వాడారు, ఎప్పుడు మానేశారు, ఇవి కనుక్కుని రండి. హాస్టల్లో ఉన్నవాళ్ళు ఇంటికి ఫోన్ చేసి అడగండి, ఊరి బస్సులో పంపుతారు. దాన్ని కడగొద్దు, రంగు వెయ్యొద్దు. మొదటి రెండు వారాలూ బొమ్మ చేయడం లేదు. తెచ్చినవి నేలమీద పెట్టి, దేని పక్కన ఏది కూర్చుంటుందో చూస్తాం. సిమెంటూ ఇసుకా నేను తెప్పిస్తాను, వాటికోసం మీరు డబ్బులు పెట్టొద్దు.

ఇంక మీరు అడగాలనుకున్నవి అడగండి.